నువ్వుగింజ నానిన రోజు

ఆగస్టు 4, సోమవారం

వచ్చింది. ఉద్యోగం వచ్చింది! ఆరు నెలలు ప్రొబేషన్ అన్నారు. అననీ. మగపిల్లల బళ్ళో పెద్ద తరగతులకి సైన్సు చెప్పబోయే మొదటి ఆడమనిషిని నేనేనట. ఆ మాట చెప్పేటప్పుడు నాకంటే పెద్దసారే, అంటే హెడ్మాస్టరే, ఎక్కువ కంగారు పడ్డారు. స్టాఫ్‌రూమ్‌లో అద్దం లేదమ్మా, ఏమనుకోకండి అని ముందే చెప్పేశారు. అద్దం ఎందుకు సార్, నా మొహం నాకు తెలుసు అన్నాను. ఆయన నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయారు.

ఇంటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. అమ్మ మిషన్ మీద ఆ బడి చొక్కాలే కుడుతోంది. ఎన్నో ఏళ్ళుగా ఆ బడి యూనిఫారాలన్నీ అమ్మ చేతి మీదుగానే పోతున్నాయి. సైన్సు టీచరు కావాలన్న కబురు కూడా చొక్కాల మూటతోనే మా ఇంటికి వచ్చింది. నేను వార్త చెప్పి గంతులేస్తుంటే అమ్మ దారం కొరికి, సంతోషమే గానీ, అక్కడివి ఇక్కడ, ఇక్కడివి అక్కడ చెప్పకు, నీ నోట్లో నువ్వుగింజ నానదు అంది. ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న మాటే. ఈరోజు అది కూడా తియ్యగా వినిపించింది.

ఆగస్టు 5, మంగళవారం

మొదటి రోజు. చెయ్యి నొప్పి పుట్టేదాకా రాయాలనుంది.

పెద్దసారు నన్ను బడంతా తిప్పారు. తిప్పుతున్నంతసేపూ ఏటి అవతల ఉన్న రాతి బడి గురించే చెప్పారు. దానికి నూట యాభై ఏళ్ళట, మనకి పాతికేనట. వాళ్ళకి పడవ పందేలున్నాయి, ఎవరికీ అర్థంకాని ప్రార్థనాగీతం ఉంది, కోటుకి ఎన్ని గుండీలు పెట్టుకోవాలో ఏ తరగతికి ఆ తరగతికి నియమం ఉంది. మనకేముందమ్మా అని నిట్టూర్చారు. పక్కింటివాళ్ళ కొత్త సోఫా చూసొచ్చిన మనిషిలా ఉన్నారు పాపం.

నాకైతే అన్నీ ఉన్నట్టే కనిపించాయి. హాలు ఎంత బాగుందో! చెక్క నేల, వెనక బెంచీల నుంచి స్టేజీ వైపుకి సినిమా హాల్లా వాలుగా దిగుతుంది. స్టేజీ పైన దూలం మీద బడి పెట్టిన పెద్దాయన రాయించిన మూడు మాటలున్నాయి. నిజం చెప్పు. నిటారుగా నిలబడు. పక్కవాణ్ణి నిలబెట్టు. పెద్దాయన పోయి చాన్నాళ్ళయింది. ఇంకొకటి, పెన్సిలు. ప్రతి కుర్రాడి చొక్కా జేబులో ఒక గుండ్రటి ఆకుపచ్చ పెన్సిలు ఉండి తీరాలి. పెన్నుతో రాసుకోవచ్చు గానీ పెన్సిలు లేకుండా గేటు లోపలికి రాకూడదు. చెరపడానికి వీలైనదాన్ని దగ్గర పెట్టుకున్నవాడే తప్పు ఒప్పుకుంటాడని పెద్దాయన అనేవారట. ఇప్పుడు దాంతో వీపు గోక్కోవడం తప్ప ఎవరూ ఏమీ చేయరని పాటల సారు నా చెవిలో చెప్పారు.

అమ్మకి చెబితే పొంగిపోయింది. ఆ జేబు కొలత పెద్దాయన స్వయంగా మెట్లెక్కి వచ్చి ఇచ్చారట. పెన్సిలు తల వేలెడు బయటికి కనిపించాలి, కుర్రాడు వంగినా జారకూడదు అన్నారట. ఇన్నేళ్ళలో నా జేబులోంచి ఒక్క పెన్సిలు కింద పడితే చూపించు అని అమ్మ నాకే సవాలు విసిరింది.

ఆగస్టు 8, శుక్రవారం

నాకు రెండు పనులు అప్పజెప్పారు. చేరిన వారంలోనే!

ఒకటి, వచ్చే నెల ఆరున ఫౌండర్స్ డే. ఈసారి సిల్వర్ జూబిలీ. మన విలువలు, మన సంప్రదాయాలు అని ఒక పుస్తకం అచ్చు వేస్తున్నారు. విలువల పేజీ అయిపోయింది, దూలం మీద చూసి రాసేశారు. సంప్రదాయాల పేజీలో పెన్సిలు తప్ప ఏమీ లేదు. ఏదైనా దొరుకుతుందేమో వెతకండమ్మా అన్నారు పెద్దసారు.

రెండు, దగ్గు. అసెంబ్లీలో పిల్లలు దగ్గుతున్నారు. ఒకరిద్దరు కాదు, హాలంతా. మొదలైతే వాన కురిసినట్టే. పెద్దసారికి అది తిరుగుబాటులా కనిపిస్తోంది. ఫౌండర్స్ డే నాడు ఏటి అవతలి హెడ్మాస్టరు ముఖ్య అతిథి, ఆయన ముందు గనక దగ్గితే మన పరువు ఏట్లో కలుస్తుంది, మీరు సైన్సు కదా, కనిపెట్టండి అన్నారు.

రెండూ నేనే చూసుకుంటాను సార్ అని ఎగిరి గంతేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని స్టాఫ్‌రూమ్‌లో ఎవరో గొణిగారు. గొణగనీ.

ఆగస్టు 11, సోమవారం

హాలు కర్టెన్లు దింపించి దులిపించాను. దులిపినవాళ్ళు దగ్గారు, అది వేరే సంగతి. బెంచీల కింద తడిగుడ్డ పెట్టించాను. కిటికీలు తెరిపించాను, మూయించాను. బడి డాక్టరు వరసగా నోళ్ళు తెరిపించి టార్చి వేసి చూసి, గొంతులు కడిగిన గ్లాసుల్లా ఉన్నాయమ్మా, ఇక జబ్బుంటే గొంతులో కాదు అన్నాడు.

రేపటి నుంచి అందరికీ వెచ్చటి ఉప్పునీళ్ళు.

ఆగస్టు 13, బుధవారం

ఉప్పునీళ్ళతో గొంతులు బాగుపడ్డాయి. నిన్నటికంటే గట్టిగా దగ్గారు.

ఆగస్టు 18, సోమవారం

దొరికింది! దొరికింది! ఈ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఇది రాసేస్తే గానీ నాకు స్థిమితం లేదు.

ఇన్నాళ్ళూ నేను హాలు వెనక నిలబడి గమనిస్తున్నాను. పాట పాడేటప్పుడు దగ్గు లేదు. పెద్దసారు మాట్లాడేటప్పుడు ఆవలింతలే గానీ దగ్గు లేదు. రోజుకో కుర్రాడు తనకి నచ్చిన పుస్తకంలోంచి ఒక పేరా చదువుతాడు, అప్పుడే దగ్గు. అదీ రోజూ కాదు. వెనక నుంచి అంతకుమించి ఏమీ తెలియలేదు. ఈరోజు స్టేజీ పక్క తలుపు దగ్గరికి మారాను.

చదివే వంతు బడి మొత్తానికీ చిన్నవాడిది. పిల్లలు వాణ్ణి పిడికెడు అంటారు. నిజంగానే అంతే ఉంటాడు, మైకు వాడి నోటి దాకా దించడానికి కాసేపు పట్టింది. తిమింగలం గురించి చదవబోయాడు. ప్రపంచంలో అని మొదలుపెట్టాలి. పెదవులు కలిశాయి. విడిపోలేదు. మెడ మీద నరం ఉబ్బింది, కళ్ళు పెద్దవయ్యాయి, మాట మాత్రం లోపలే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడు చివరి బెంచీలోంచి ఒక దగ్గు. దాని పక్కన ఇంకొకటి. రెండు క్షణాల్లో హాలంతా ఖళ్ళు ఖళ్ళు. పెద్దసారు విసుగ్గా హాలు వైపు తిరిగారు, టీచర్లు తిరిగారు, ఒక్కరి చూపూ పిడికెడు మీద లేదు. వాడు నింపాదిగా గాలి పీల్చుకున్నాడు. ప్రపంచంలో అతి పెద్ద ప్రాణి అన్నాడు. ఆ మాట వచ్చీరాగానే దగ్గు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది.

ఇది జబ్బూ కాదు, తిరుగుబాటూ కాదు. తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కళ్ళు తుడుచుకుంటుంటే పాటల సారు చూసి, మీకూ దుమ్ము పడిందా అని అడిగారు.

ఆగస్టు 19, మంగళవారం

లాబ్‌లో బీకర్లు సర్దే నెపంతో స్కూల్ కెప్టెన్‌ని ఆపాను. తాడిచెట్టంత పొడుగు. నిచ్చెన అని పిలుస్తారు. నాకు తెలిసిపోయింది అన్నాను. దుమ్ము మేడమ్ అన్నాడు. పిడికెడు అన్నాను. వెళ్ళి లాబ్ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

తర్వాత మెల్లిగా చెప్పాడు. తను చేరకముందే ఈ బళ్ళో ఒక సీనియర్ అన్నయ్య ఉండేవాడట, మాట పట్టేసేదట, ఒకరోజు అతను స్టేజీ మీద ఇరుక్కుంటే ఎవడికో నిజంగానే దగ్గొచ్చిందట. ఆ సందులో అతను తేరుకున్నాడట. అప్పటి నుంచీ ఇది నడుస్తోంది. మాట పట్టేసినా, లైను మర్చిపోయినా, ఏడుపొచ్చినా సరే, ఎవడు ఆగిపోతే వాడికోసం దగ్గుతారు. ఎవరూ ఎవరికీ నేర్పరట. కొత్తవాడు వచ్చిన వారానికి వాడే దగ్గుతాడట. ఉన్నది ఒకటే రూలు, బయట చెప్పకూడదు. చెబితే వాడికోసం దగ్గుతున్నామని తెలిసిపోతుంది కదా మేడమ్, ఇంకెందుకది అన్నాడు.

మీరు కూడా చెప్పకండి మేడమ్ అన్నాడు. నేనెందుకు చెబుతానురా అన్నాను.

ఎంత గొప్ప పిల్లలు! ఎంత గొప్ప బడి!

ఆగస్టు 20, బుధవారం

కడుపు ఉబ్బిపోతోంది. అమ్మకి కూడా చెప్పలేదు. ఏమే, మొహం అలా వెలిగిపోతోందేం అని రెండుసార్లు అడిగింది.

ఆగస్టు 22, శుక్రవారం

చెప్పేశాను.

పెద్దసారు పొద్దున అసెంబ్లీలో, దగ్గు మానకపోతే ఈ ఏడు కొండ క్యాంపు రద్దు అని ప్రకటించారు. పిల్లలు ఏడాదంతా ఆ క్యాంపు కోసమే ఎదురుచూస్తారు. ఒక్కడూ నోరు విప్పలేదు. నిచ్చెన నిటారుగా నిలబడి దూలం కేసి చూస్తున్నాడు. వాళ్ళు క్యాంపు వదులుకుంటారు గానీ చెప్పరని నాకు అర్థమైంది.

వాళ్ళ క్యాంపు కాపాడదామనే పెద్దసారు గదిలోకి వెళ్ళాను. నిజమే. అయినా ఇక్కడ అబద్ధం రాసి ఎవరిని మోసం చేయాలి? సగం అందుకు. మిగతా సగం, ఇంత మంచి సంగతి నా ఒక్కదాని దగ్గర ఉండటం నావల్ల కాలేదు. నోరు తెరిచాను. తెరిచాక మూయడం నాకెప్పుడూ రాలేదు. చేతులు తిప్పుతూ చెప్పాను, దగ్గి చూపించాను, తిమింగలం కూడా చెప్పాను.

పెద్దసారు కళ్ళజోడు తీసేశారు. ఆయన కళ్ళు నిండుగా ఉన్నాయి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికానమ్మా అన్నారు. క్యాంపు రద్దు కాదన్నారు. నా ప్రొబేషన్ సంగతి ఇక మర్చిపొమ్మన్నారు. నేను గాల్లో తేలుతూ తలుపు దాకా వచ్చాను.

వెనక నుంచి ఆయన ఫోన్‌లో మాట్లాడటం వినిపించింది. అచ్చాఫీసుకి. సంప్రదాయాల పేజీ దొరికింది, అచ్చు ఆపండి అంటున్నారు.

ఆగస్టు 25, సోమవారం

దానికి పేరు పెట్టారు. సోదర కాసం. దగ్గుని సంస్కృతంలో కాసం అంటారట. స్టాఫ్‌రూమ్‌లో అందరూ టీ కప్పుల వెనక దాక్కుని నవ్వుకున్నారు.

అసెంబ్లీలో పెద్దసారు అరగంట మాట్లాడారు. పాపం నిజంగా మనసులోంచి మాట్లాడారు. మీరు నన్ను గెలిపించారురా అన్నారు. ఫౌండర్స్ డే నాడు ముఖ్య అతిథి ప్రసంగం అవగానే అందరూ కలిసి సోదర కాసం చేస్తారట, అతిథులకి చూపించడానికి. పాటల సారికి రిహార్సల్ అప్పజెప్పారు. ఆయన కూడా పని అంటే ప్రాణం పెట్టే మనిషి. లావు గొంతులు ఒకవైపు, సన్న గొంతులు ఒకవైపు నిలబెట్టి, చెయ్యి ఎత్తగానే మూడుసార్లు, చెయ్యి దించగానే నిశ్శబ్దం అని నేర్పించారు. నాలుగోసారికే గడియారంలా కుదిరింది.

ఇంత చక్కగా దగ్గే పిల్లల్ని నేనెక్కడా చూడలేదు. ఒక్కడి మొహంలోనూ నవ్వు లేదు.

ఆగస్టు 26, మంగళవారం

పీరియడ్ మొత్తం నిచ్చెన కిటికీలోంచి బయటికే చూశాడు.

ఆగస్టు 29, శుక్రవారం

రాయాలని లేదు. రాస్తాను.

ఈరోజు చదవాల్సిన కుర్రాడు బడికి రాకపోవడంతో పిడికెడుకి మళ్ళీ వంతు వచ్చింది. ఈసారి తేనెటీగల గురించి. పువ్వు అనే మాట దగ్గర పెదవులు అంటుకుపోయాయి. నేను వెనక్కి చూశాను. చివరి బెంచీలో ఒకడు అలవాటు కొద్దీ దగ్గబోయి ఆపుకున్నాడు, వాడి పక్కవాడు కిసుక్కున నవ్వాడు. అది ఇప్పుడు ప్రోగ్రామ్‌లో ఐటమ్ కదా. హాలు అలాగే ఉండిపోయింది. ఆ నిశ్శబ్దంలో పిడికెడు గొంతులోని చిన్న చప్పుడు మైకులోంచి హాలంతా వినబడింది.

అప్పుడు పెద్దసారు లేచారు. సాయం చేద్దామనే లేచారు, మనిషి చెడ్డవాడు కాదు. ఇదే సమయం, కానివ్వండి అన్నట్టు నవ్వుతూ చెయ్యి పైకెత్తారు. రిహార్సల్‌లో లాగే. హాలంతా ఒక్క గొంతుతో మూడుసార్లు దగ్గింది. చెయ్యి దిగింది. ఆగిపోయింది. ఇప్పుడు అందరూ వాణ్ణే చూస్తున్నారు.

వాడు పుస్తకం మైకు దగ్గరే వదిలేసి మెట్లు దిగి పరిగెత్తాడు.

ఇదంతా నేను చేసిందే. మంచి సంగతని చాటింపు వేశాను. దాని మంచితనమంతా ఎవరికీ తెలియకపోవడంలోనే ఉందని ఆ పొడుగాటి కుర్రాడు ముందే చెప్పాడు కూడా. విన్నాను. విని తల ఊపాను.

సెప్టెంబర్ 1, సోమవారం

నిచ్చెన దగ్గరికి వెళ్ళి తప్పు నాదే అన్నాను. పర్లేదు మేడమ్ అన్నాడు. ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. దగ్గు ఐటమ్ తీసేయండి సార్ అని బతిమాలాను. పుస్తకాలు అచ్చయి వచ్చేశాయట, పదకొండో పేజీ, రంగుల్లో. దానికితోడు ఇంకో చిక్కు. ఫౌండర్స్ డే నాడు దూలం మీద ఉన్న మూడు మాటల్నీ బడిలో అందరికంటే చిన్నవాడు స్టేజీ మీద చదవాలి. మొదటి ఏడాది నుంచీ అంతే. ఈ ఏడు ఆ చిన్నవాడు పిడికెడు. వాళ్ళ అమ్మా నాన్నా వస్తున్నారు. వాడు చదవనన్నాడు. పోనీ ఇంకొకడి చేత చదివిద్దాం, పసివాడు, ఎందుకు ఇబ్బంది పెట్టడం అన్నారు పెద్దసారు. దయగానే అన్నారు. కానీ ఈ ఒక్కసారి తప్పించుకుంటే వాడు ఇంకెప్పటికీ ఆ మెట్లెక్కడు. నాకది ఖాయంగా తెలుసు.

రెండు రోజులు ఆగండి సార్ అన్నాను.

వాడి కోసం వెతికాను. మెట్ల కింద కూచుని పెన్సిలు చెక్కుకుంటున్నాడు. నేను దగ్గరికి వెళ్ళగానే లేచి నిలబడ్డాడు. నావల్ల తప్పు జరిగింది నాన్నా అన్నాను. వాడు చెక్కిన పెన్సిలు జేబులో పెట్టుకుని, నేను వెళ్ళొచ్చా మేడమ్ అని అడిగాడు.

సెప్టెంబర్ 3, బుధవారం

పిడికెడు తనే పెద్దసారు గదికి వెళ్ళి చదువుతానన్నాడట!

ఎలా? ఎందుకు? నిన్న సాయంత్రం వరండా చివర నిచ్చెనా, ఇంకో పదిమంది పెద్ద కుర్రాళ్ళూ వాడి చుట్టూ గొంతుక్కూచుని ఏదో మాట్లాడటం చూశాను. నన్ను చూసి ఆపేశారు. ఏమిటని అడగబోయాను. అడగలేదు. నాలుక కరుచుకుని వచ్చేశాను. నా జీవితంలో ఇది మొదటిసారి అనుకుంటాను.

భయంగా ఉంది. అయినా పొద్దున్నుంచీ లోపల ఏదో గెంతుతోంది.

సెప్టెంబర్ 6, శనివారం, పొద్దున్నే

ఫౌండర్స్ డే. తెల్లవారకముందే మెలకువ వచ్చింది. అమ్మ నా చీరకి ఇస్త్రీ చేసి పెట్టింది. బళ్ళో ఏం జరుగుతోందో ఈమధ్య నువ్వు బొత్తిగా చెప్పడం లేదు అని మూతి ముడుచుకుంది. దగ్గు గోల మాత్రం చొక్కాల మూట తెచ్చినవాళ్ళ ద్వారా తెలిసిందట.

దేవుడా, ఆ పిల్లాడి నోట మాట రానీ. ఇంకేమీ అడగను.

అదే రోజు, సాయంత్రం

చెప్పులు కూడా విప్పలేదు. ఇది రాయాలి.

కార్యక్రమం మొదలవబోతుంటే స్టేజీ మెట్ల దగ్గర నిచ్చెన అడ్డం వచ్చాడు. మేడమ్, మీ దగ్గర పెన్సిలు లేదు అన్నాడు. టీచర్లకి అక్కర్లేదు కదరా అన్నాను. జేబులోంచి ఒక ఆకుపచ్చ పెన్సిలు తీసి నా చేతిలో పెట్టి, ఉంచండి మేడమ్, పనికొస్తుంది అని వెళ్ళిపోయాడు. అన్నాళ్ళ తర్వాత నా కళ్ళలోకి చూసి మాట్లాడాడు. ఆ సంతోషంలో ఎందుకని కూడా అడగలేదు.

స్టేజీ మీద ఒక పక్క మైకు టేబుల్ దగ్గర నా కుర్చీ. పెద్దసారు కొంచెం ముందుకి కూచున్నారు. ఏటి అవతలి హెడ్మాస్టరు చాలాసేపు వాళ్ళ పడవల గురించి ప్రసంగించారు. తర్వాత సోదర కాసం. పాటల సారు చెయ్యి ఎత్తారు, లావు గొంతులు, సన్న గొంతులు, మూడుసార్లు. అతిథులు మొహమొహాలు చూసుకున్నారు. ముఖ్య అతిథి మర్యాదగా రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పెద్దసారు ఒక్కరే గర్వంగా చప్పట్లు కొట్టారు.

పిడికెడు వచ్చాడు. మైకు దించారు. నిజం చెప్పు అన్నాడు. గొంతు స్పష్టంగా ఉంది. నిటారుగా నిలబడు అన్నాడు. మూడో మాట. పక్కవాణ్ణి అని మొదలుపెట్టాలి. పెదవులు కలిశాయి.

విడిపోలేదు.

మొదటి వరసలో వాళ్ళ అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మెడ మీద నరం నాకు కనిపిస్తోంది. హాలు నిండా జనం, అందరి చూపూ వాడి మీదే. పెద్దసారి భుజం కదిలింది. అయ్యో, చెయ్యి ఎత్తబోతున్నారు. మళ్ళీ దగ్గిస్తారు.

టిక్.

వెనకెక్కడో చెక్క నేల మీద ఒక పెన్సిలు పడింది. మరొకటి. టిక్ టిక్. ఆ తర్వాత లెక్కలేదు. హాలంతా వడగళ్ళ వాన. గుండ్రటి ఆకుపచ్చ పెన్సిళ్ళు వాలు మీద దొర్లుకుంటూ బెంచీల కిందుగా, తల్లిదండ్రుల కాళ్ళ సందుల్లోంచి స్టేజీ వైపు పరిగెత్తుకొస్తున్నాయి. కుర్రాళ్ళందరూ వాటికోసం వంగారు. ఒక్క తల కూడా పైకి లేదు. పక్కనున్న పెద్దవాళ్ళు కూడా, అయ్యో బాబూ ఉండు అంటూ వంగి ఏరుతున్నారు. పాటల సారు మోకాళ్ళ మీద ఉన్నారు. ముఖ్య అతిథి కుర్చీ కింద వెతుకుతున్నారు.

పెద్దసారి చెయ్యి మాత్రం సగం దాకా లేచి ఉంది.

నా పెన్సిలు వదిలేశాను. ఊరికే వదల్లేదు, గురి చూసి దొర్లించాను. తిన్నగా పోయి ఆయన బూటుకి తగిలింది. పెద్దమనిషి కదా, ఆడమనిషి వస్తువు కింద పడితే ఊరుకోలేరు. చెయ్యి దించి, వంగారు.

నేనూ టేబుల్ కిందకి దూరాను. ఇప్పుడు అంత పెద్ద హాల్లో తల ఎత్తి ఉన్నది వాడొక్కడే. వాణ్ణి చూసేవాళ్ళు ఒక్కరు లేరు. అంతా వంగిన వీపులే. వాడు గాలి పీల్చుకోవడం మైకులో వినిపించింది.

పక్కవాణ్ణి నిలబెట్టు, అన్నాడు.

గట్టిగా, పూర్తిగా అన్నాడు. అనగానే పెన్సిళ్ళ చప్పుడు ఆగిపోయింది. అందరూ లేచి కూచున్నారు, పెన్సిళ్ళు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. మొహాలు చూస్తే వెన్న తిన్నా అలికిడి లేని పిల్లుల్లా ఉన్నాయి. వాళ్ళమ్మ ఏడుస్తూ చప్పట్లు కొడుతోంది. నేను టేబుల్ కిందే ఇంకాస్త సేపు ఉండిపోయాను, అక్కడ ఏడవడానికి వీలుగా ఉంది కాబట్టి.

బయటికి వస్తుంటే గేటు దగ్గర నిచ్చెన కనిపించాడు. నన్ను చూసి జేబులో పెన్సిలు సర్దుకున్నాడు. వాడి పక్కన పిడికెడు ఐస్‌క్రీమ్ తింటూ, గుడ్ ఈవినింగ్ మేడమ్ అన్నాడు. ఒక్క ముక్క తడబడలేదు.

నా పెన్సిలు పెద్దసారు తిరిగి ఇచ్చేశారు. నా బ్యాగులో ఉంది. ఎప్పటికీ ఉంటుంది.

సెప్టెంబర్ 8, సోమవారం

పెద్దసారు హాల్లోకి పిలిచి, అన్ని పెన్సిళ్ళు ఒకేసారి ఎలా పడ్డాయమ్మా, మీరు సైన్సు కదా, కనిపెట్టండి అన్నారు. దూలం మీది మొదటి మాట వైపు చూడకుండా, జేబుల్లో లోతు చాలడం లేదు సార్ అన్నాను.

సాయంత్రానికి చొక్కాల మూటలు మా ఇంటికి వచ్చేశాయి, జేబులన్నీ లోతుగా కుట్టమని. అమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. పెద్దాయన ఇచ్చిన కొలతకి, నా చేతి కుట్టుకి వంక పెట్టిన ఆ మహానుభావుడెవడో చెప్పు, నీకు తెలియకుండా ఉండదు, చెప్పు అని గంట నుంచీ అరుస్తోంది.

నేను ఏమీ చెప్పలేదు.

అమ్మ అరవడం ఆపింది. మిషన్ దగ్గర నుంచి లేచొచ్చి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.